కర్ణికల లయ తప్పినవారికి పేస్‌మేకర్ ఎందుకు?

ప్రశ్న:
మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. అప్పుడప్పుడు గుండె దడ వస్తుంది, అది తగ్గిన మరుక్షణమే కళ్లు తిరుగుతాయి. గుండె లయను రోజంతా నమోదు చేసే హోల్టర్ పరీక్షలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులైన కర్ణికలు లయ తప్పి చిందరవందరగా అదరడం) ఉందనీ, అది ఆగాక గుండె నాలుగైదు సెకన్లు కొట్టుకోవడం లేదనీ తేలింది. పేస్‌మేకర్ పెట్టాలని డాక్టరుగారు అంటున్నారు. వేగంగా కొట్టుకునే గుండెకు ఆ యంత్రం దేనికి? అది పెట్టాక రక్తం పలచబరిచే మాత్రలు మానేయవచ్చా?

జవాబు 1:
కర్ణికల్లో అలజడి నడుస్తున్నంతసేపూ గుండెకు సహజంగా లయనిచ్చే సైనస్ నోడ్ అణగి ఉంటుంది. ఆ నోడ్ ముందే బలహీనపడి ఉంటే, అలజడి ఆగినా వెంటనే తేరుకోలేదు. కళ్లు తిరిగేది ఆ విరామంలోనే. దడ తగ్గించే బీటా బ్లాకర్లు నోడ్‌ను ఇంకా నెమ్మదింపజేస్తాయి కాబట్టి, పేస్‌మేకర్ లేకుండా వాటిని తగిన మోతాదులో ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు. పేస్‌మేకర్ ఆ విరామాలను పూరిస్తుంది, మందులకు దారి తెరుస్తుంది. ఫిబ్రిలేషన్‌ను మాత్రం అది నయం చేయదండి.

జవాబు 2:
పై మాటకు కొంత చేర్పు. కర్ణికలో ఒకటి, కింది గది అయిన జఠరికలో ఒకటి తీగ ఉండే రకం పేస్‌మేకర్ గురించి తప్పక అడగండి. సైనస్ నోడ్ జబ్బున్న 2,010 మందిపై జరిగి 2002లో వెలువడిన మోస్ట్ అధ్యయనంలో, జఠరికను మాత్రమే నడిపే పద్ధతితో పోలిస్తే ఈ రెండు తీగల పద్ధతిలో ఫిబ్రిలేషన్ తక్కువగా వచ్చింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొన్ని పేస్‌మేకర్లు కర్ణికలకు వేగవంతమైన స్పందనలిచ్చి ఫ్లట్టర్ వంటి క్రమబద్ధమైన దడను ఆపగలవు గానీ, చిందరవందరగా సాగే ఫిబ్రిలేషన్‌పై ఆ ఉపాయం పనిచేయదు.

జవాబు 3:
మాత్రల సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తోంది. దయచేసి మీ అంతట మీరు మాన్పించకండి. కర్ణికలు సరిగా ముడుచుకోనప్పుడు ఎడమ కర్ణికకు ఉండే చిన్న సంచిలో రక్తం గడ్డకడుతుంది, అది మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. పేస్‌మేకర్ ఆ గడ్డను ఆపలేదు. మందులేవీ పనిచేయక కర్ణికల నుంచి జఠరికలకు సంకేతాలను చేరవేసే ఏ.వి. నోడ్‌ను అబ్లేషన్‌తో (ఆ కణజాలాన్ని మాడ్చే చికిత్సతో) తొలగించి, గుండెను పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడిపించినవారిలో కూడా, నాడి క్రమంగా ఉన్నప్పటికీ పైన కర్ణికల్లో ఫిబ్రిలేషన్ సాగుతూనే ఉంటుంది కనుక మాత్రలు కొనసాగిస్తారు. ఇక దడ అనిపించకుండా వచ్చిపోయే ఘటనలను కూడా పేస్‌మేకర్ నమోదు చేస్తుంది. ప్రతి తనిఖీలోనూ అవి ఎన్నిసార్లు వచ్చాయో, ఎంతసేపు నిలిచాయో అడిగి రాసుకోండి.