మెరుపు ఫోటో మొదటిసారి తీస్తున్నా, సెట్టింగుల్లో సాయం కావాలి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, మధురవాడ. మొన్న సాయంత్రం సింహాచలం కొండ వైపు మబ్బు కమ్మి మెరుపులు మొదలయ్యాయి. మూడో అంతస్తు బాల్కనీలో ట్రైపాడ్ వేసుకుని కూర్చున్నా. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సూ ఉన్నాయి.

మెరుపు కనపడగానే బటన్ నొక్కితే 40 ఫోటోల్లోనూ నల్లటి ఆకాశమే! మనం నొక్కేలోపు అది ఆగదు కదా. తర్వాత మాన్యువల్‌లో ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 200, ఎఫ్8 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ తెరిచి ఉండే టైమ్ 15 సెకన్లు పెట్టి వరసగా తీస్తే రెండు దొరికాయి. ఒకటి మసక, ఫోకస్ ఆటోలోనే వదిలేశాను (నా తెలివి!). రెండోదాంట్లో మెరుపు తీగ తెల్లగా మాడిపోయింది, కింద వీధి దీపాలు నారింజ ముద్దల్లా వచ్చాయి.

మెరుపు దగ్గరగా ఉన్నప్పుడు ఎఫ్11కి వెళ్లాలా, ఐఎస్ఓ 100కి దింపాలా? దీపాల కోసం టైమ్ కూడా తగ్గించాలా? ఇంకోటి, ఒక్కో ఫోటో తర్వాత కెమెరా మరో 15 సెకన్లు బిగుసుకుపోతోంది. సరిగ్గా అప్పుడే పెద్ద మెరుపు! ఎక్కువసేపు తీసిన ఫోటోలో చుక్కలు తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ వల్లే అనుకుంటా, దాన్ని ఆపేస్తే ఫోటో బాగా పాడవుతుందా?

మెరుపుకీ ఉరుముకీ మధ్య 12 సెకన్లే వచ్చాయి, అంటే నాలుగు కిలోమీటర్లు. అమ్మ కేకలేసింది, సర్దేసి లోపలికొచ్చేశా. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ కూడా వేసుకున్నా. ఇకపై గదిలోంచే తీద్దామనుకుంటున్నా. కిటికీ అద్దంలో ప్రతిబింబం పడకుండా మీరేం చేస్తారు?