గుంటూరులో ఇంటి నుంచే పచ్చళ్లు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలా?

నమస్కారం అండీ. మాది గుంటూరు బ్రాడీపేట, అద్దె ఇల్లు. మా అత్తయ్య, నేను కలిసి గోంగూర, పండుమిర్చి పచ్చళ్లు పట్టి తెలిసినవాళ్లకు ఇస్తున్నాం. పండుమిర్చి ఇప్పటికీ రోట్లోనే తొక్కుతాం. ఇప్పుడు ఒక కిరాణా షాపాయన అరకిలో డబ్బాలు అడుగుతున్నాడు, కానీ లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాల్సిందే అన్నాడు. న్యాయమే.

ఆ సంస్థ 2011 నిబంధనల్లో మొదట ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపుంటే, ఏడాదికి 100 రూపాయల ఫీజుతో బేసిక్ రిజిస్ట్రేషన్ చాలని ఉండేదని చదివాను. ఒక ఏజెంటు మాత్రం 5 వేలు అడుగుతున్నాడు, దేనికో చెప్పడు!

నా టెన్షన్ వేరే. అడ్రస్ ప్రూఫ్‌కి అద్దె అగ్రిమెంటు సరిపోతుందా, ఓనరు గారి సంతకంతో లెటర్ కూడా కావాలా? వ్యాపారం అనగానే కరెంటు మీటరు కమర్షియల్ చేసేస్తారేమోనని ఆయన భయం. సిలిండర్ ఎలాగూ కమర్షియల్‌దే తీసుకుంటాం. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఇంటి వంటగదికీ ఉండాలా? రేపు చికెన్ పచ్చడి మొదలుపెడితే అదే రిజిస్ట్రేషన్‌లో చేర్చొచ్చా?

గుంటూరు, విజయవాడల్లో ఈమధ్య తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్. తనిఖీకి వస్తే ముందు ఏం చూస్తారో కూడా.