అప్‌డేట్: తమ్ముడి కేసులో డైవర్షన్ కాగితం మీద సంతకం పెట్టాం, కానీ మొదటిదాని మీద కాదు

అమెరికాలో చదువుకుంటున్న మా తమ్ముడు దుకాణంలో డబ్బు కట్టకుండా వస్తువు తెస్తూ పట్టుబడ్డాడనీ, ప్రాసిక్యూటర్ డైవర్షన్ (పెట్టిన షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) ఇస్తామంటే ఒప్పుకోవచ్చా అనీ రెండు నెలల క్రితం అడిగాను. "కేసు కొట్టేస్తారు కదా, వెంటనే సంతకం పెట్టేయండి" అన్నవారే ఎక్కువ. ఒక్కరు మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించమన్నారు. వారికి వెయ్యి దండాలు.

మొదటి ఒప్పందంలో కోర్టు ముందు నేరం ఒప్పుకోవాలని ఉంది. అలా ఒప్పుకున్నాక జడ్జి ఏ చిన్న శిక్షో ఆంక్షో విధిస్తే, తర్వాత కేసు కొట్టేసినా అక్కడి వలస చట్టం దాన్ని నేరం రుజువైనట్టే లెక్కవేస్తుందట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా క్రిమినల్ లాయరు ఈ ముక్క ముందే చెప్పనందుకు నాకు ఇప్పటికీ కోపమే. చివరికి లాయర్లిద్దరూ మాట్లాడుకుని, నేరం ఒప్పుకోకుండానే చేరే పద్ధతికి ప్రాసిక్యూటర్‌ను ఒప్పించారు.

ఒక క్లాసు, 24 గంటల సమాజ సేవ, ఆరు నెలలు మరే కేసులోనూ ఇరుక్కోకపోవడం: ఇవీ షరతులు. క్లాసు అయిపోయింది, సేవ సగంలో ఉంది. వాడు మాతో ముభావంగా ఉంటున్నాడు, అది వేరే కథ.

కేసు కొట్టేసినా వాడున్న రాష్ట్రంలో అరెస్టు రికార్డు దానంతట అది చెరిగిపోదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, "అవును" అనే రాయాలి. అందుకే రికార్డు మూసివేతకు దరఖాస్తు చేసేలోపే కోర్టు ఉత్తర్వుకు ధ్రువీకరించిన నకళ్లు తీసి దాచమన్నారు.