మైకాని ఇచ్చాక కౌబాయ్స్ చేతిలో 12, 20 పిక్స్ ఉన్నాయి: 12 దగ్గరే ఆగాలా, కిందకి దిగాలా?

ఫ్రిస్కో శీను
2026 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునేది, దగ్గర పడుతోంది, ఒకసారి తేల్చుకుందాం. మన డాలస్ కౌబాయ్స్‌కి ఫస్ట్ రౌండ్‌లో సొంత పిక్, అంటే ఎంచుకునే వంతు, 12; మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ని పంపినందుకు గ్రీన్ బే టీమ్ నుంచి వచ్చింది 20. ఆ తర్వాత చాలాసేపు మన పేరే వినపడదు. సెకండ్ రౌండ్‌ది క్విన్నెన్ విలియమ్స్ కోసం జెట్స్‌కి పోయింది, మన థర్డ్ రౌండ్‌ది పికెన్స్ కోసం పిట్స్‌బర్గ్‌కి పోయింది. డిఫెన్స్ సంగతి పోయిన సీజన్ చూసిన ఎవరికీ చెప్పక్కర్లేదు, లైన్‌బ్యాకర్ కావాలి, సేఫ్టీ కావాలి, కార్నర్ కావాలి, ఎడ్జ్ (పక్కనుంచి దూసుకెళ్లి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని పడేసేవాడు) అయితే చెప్పనే అక్కర్లేదు. ఇన్ని ఖాళీలు పెట్టుకుని 12 దగ్గర కూర్చుని ఒక్కడిని పట్టుకుంటే ఏమొస్తుంది? పైకి రావాలని ఆరాటపడే టీమ్ ప్రతి ఏడూ ఒకటి ఉంటుంది, దానికి 12 ఇచ్చేసి, దాని పిక్ తీసుకుని ఇరవైల్లోకి దిగి, పైన ఒక సెకండ్ రౌండ్ పిక్ రాబట్టాలి.

2013లో 18 నుంచి 31కి దిగి ట్రావిస్ ఫ్రెడరిక్‌ని తీసుకున్నప్పుడు ఎంత తిట్టారో గుర్తుందా, థర్డ్ రౌండ్ సెంటర్‌ని ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్నారని టీవీలో నవ్వారు. ఆయన ఐదుసార్లు ప్రో బౌల్‌కి, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ల జట్టుకి, ఎంపికయ్యాడు. దిగితే పరువు పోతుందనుకోవడం మానేయాలి మనం.

వాల్తేరు వంశీ
మన ఓనర్ జెర్రీ జోన్స్ ఉన్నంతకాలం 12 అయినా ఒకటే 112 అయినా ఒకటే. తెల్లారుజామున మూడింటికి లేచి చూసేవాడి బాధ మీకేం తెలుసు.

మైకా_11
శీను గారూ, ఫ్రెడరిక్ ఒక్కడు దొరికాడని ప్రతిసారీ దిగమంటే ఎలా అండీ. 2024లో 24 నుంచి 29కి దిగాం. లయన్స్ మన చోటులోకి వచ్చి టెరియన్ ఆర్నాల్డ్‌ని తీసుకెళ్లారు, మనకి టైలర్ గైటన్ వచ్చాడు. మొదటి ఏడాది అతను ఆడినప్పుడల్లా ఫ్లాగే, అంటే పెనాల్టీనే. డిఫెన్స్‌లో మనకి లేనిది నలుగురు మామూలు కుర్రాళ్లు కాదు, అవతలి కోచ్ నిద్ర చెడగొట్టేవాడు ఒక్కడు. అలాంటివాడు మన దగ్గరే ఉండేవాడు. నాలుగు సీజన్లు ఆడితే నాలుగింట్లోనూ 12కి తగ్గకుండా సాక్స్ (క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం), మొత్తం 52.5. అతన్ని సీజన్ మొదలయ్యే వారం ముందు పంపేసి ఇప్పుడు పిక్స్ లెక్కపెట్టుకుంటున్నాం.

ఫ్రిస్కో శీను
గైటన్ గురించి చెప్పి ఆగిపోయారేంటి? ఆ దిగడంలో వచ్చిన 73వ పిక్‌తోనే కూపర్ బీబీ వచ్చాడు, ఇవాళ మన సెంటర్ అతనే. సగం చెప్పి సగం దాచకండి. ఇంకో మాట, మీరు పేరు పెట్టుకున్న ఆ మైకా ఎలా వచ్చాడు? 2021లో 10 దగ్గర ఉన్నాం, ఈగిల్స్‌కి 10 ఇచ్చి 12కి దిగాం, పైన 84వ పిక్ కూడా తీసుకున్నాం. అంటే మైకా వచ్చిందే దిగితే. మీ వాదనకి మీ పేరే ఎదురు.

మైకా_11
అది తెలివి కాదు, అదృష్టం. ఆ ఏడు మనవాళ్ల కన్నంతా కార్నర్ల మీదే. 8కి జేసీ హార్న్ పోయాడు, 9కి ప్యాట్ సర్టెయిన్ పోయాడు. ఇద్దరూ పోయాక 10 దగ్గర ఏం చేయాలో తెలియక దిగారు. సర్టెయిన్ ఇంకో పిక్ దాకా ఉండుంటే మైకా డాలస్ మొహం చూసేవాడే కాదు.

ఫ్రిస్కో శీను
అదృష్టమే అనుకుందాం. అదృష్టం మీద ఆధారపడేదే డ్రాఫ్ట్ అయితే ఎక్కువ టికెట్లు కొనుక్కున్నవాడికే కదా లాభం? నేను గాలిలో చెప్పట్లేదు. కేడ్ మాసీ, రిచర్డ్ థాలర్ అని ఇద్దరు, థాలర్‌కి తర్వాత ఎకనామిక్స్‌లో నోబెల్ కూడా వచ్చింది, ఏళ్ల తరబడి డ్రాఫ్టులు తిరగేసి చూశారు. ఒక పొజిషన్‌లో ముందు తీసుకున్నవాడు, అదే పొజిషన్‌లో ఆ వెంటనే తీసుకున్నవాడి కంటే బాగా ఆడే అవకాశం ఎంతో తెలుసా? దాదాపు 52 శాతం. నాణెం ఎగరేసినట్టే. మనం మాత్రం 2012లో మోరిస్ క్లేబోర్న్ కోసం 14 నుంచి 6కి ఎక్కి సెకండ్ రౌండ్ పిక్ ధారపోశాం. ఏమొచ్చింది?

జెర్సీ ఈగిల్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 2021లో మీరిచ్చిన ఆ 10తో మా ఈగిల్స్‌కి డెవాంటా స్మిత్ వచ్చాడు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ కూడా కొట్టాడు. ఎక్కాలా దిగాలా అని మా జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ ఒట్టు పెట్టుకోడు. 2022లో ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చి ఏజే బ్రౌన్‌ని తెచ్చాడు, 2024లో కదలకుండా 22 దగ్గర కూర్చుని క్విన్యాన్ మిచెల్‌ని తీసుకున్నాడు, సెకండ్ రౌండ్‌లో పైకెక్కి 40కి కూపర్ డిజీన్‌ని పట్టాడు. కానీ ఒకటి మాత్రం ఎప్పుడూ చేస్తాడు, మనోడు అనుకున్నవాడికి అందరికంటే ముందు డబ్బిచ్చేస్తాడు.

వాల్తేరు వంశీ
ఈగిల్స్ వాళ్లు వేరే థ్రెడ్ పెట్టుకోండి బ్రో.

మైకా_11
వంశీ, ఉండనీ, ఆయన చివర్లో చెప్పిందే నా మాట. శీను గారి టికెట్ల లెక్కకి రామ్స్‌ని చూపిస్తా. 2017 నుంచి 2023 దాకా వాళ్లు ఫస్ట్ రౌండ్‌లో ఒక్కడిని కూడా తీసుకోలేదు. స్టాఫర్డ్ కోసం పిక్స్ ఇచ్చారు, వాన్ మిల్లర్ కోసం పిక్స్ ఇచ్చారు, 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఎత్తారు. మనం చివరి సూపర్ బౌల్ గెలిచిన 1996 జనవరి నుంచి పిక్స్ దాచుకుంటూనే ఉన్నాం.

ఫ్రిస్కో శీను
రామ్స్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, ఏరన్ డొనాల్డ్‌ని ఎవరిచ్చారు వాళ్లకి? 2014లో 13వ పిక్. కూపర్ కప్ ఎక్కడినుంచి వచ్చాడు? థర్డ్ రౌండ్. అన్నీ డ్రాఫ్టే.

మైకా_11
డొనాల్డ్‌ని డ్రాఫ్ట్ చేశారు సరే, తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి. రెండేళ్లు వరసగా క్యాంప్‌కి రాకుండా కూర్చున్నాడు. అయినా అతన్ని అమ్ముకున్నారా? 2018లో 135 మిలియన్ డాలర్లు చేతిలో పెట్టి ఉంచుకున్నారు. మనవాళ్లు చేయనిది అదొక్కటే.

ఫ్రిస్కో శీను
ఎక్కడినుంచి తెచ్చి పెడతారు చెప్పండి. మన క్వార్టర్‌బ్యాక్ డాక్‌కి ఏడాదికి 60 మిలియన్లు, రిసీవర్ ల్యాంబ్‌కి 34, మైకాకి గ్రీన్ బే ఇచ్చింది 47. మొత్తం 141. 2025లో క్యాప్, అంటే ఒక టీమ్ జీతాలకి ఉన్న పరిమితి, 279. ముగ్గురికే సగం పోతే మిగతా యాభై మందినీ ఏం పెట్టి ఆడిస్తారు? మీలాంటి అభిమానం వల్లే ఈ టీమ్ ఇలా తయారైంది.

మైకా_11
నాలాంటి అభిమానమా? సరే, అయితే వినండి. ఏడాది సగటు వేరు, ఆ ఏడాది క్యాప్‌లో పడేది వేరు, బోనస్‌ని ఏళ్ల మీదకి పరుస్తారని నాకంటే మీకే బాగా తెలుసు, తెలిసి కూడా 141 అని భయపెడుతున్నారు. మీరు రాసిందంతా ఒకటే పాట, వీడు ఖరీదు, వీడి బదులు ఇద్దరు చవగ్గా వస్తారు. ఈ పాట నేను విన్నాను బాస్. నేను పనిచేసిన చోట బిల్లింగ్ సిస్టం మొత్తం నా చేత్తో కట్టింది. రాత్రి రెండింటికి అది పడిపోతే లేచి కూర్చున్నది నేను. ఒక శుక్రవారం పొద్దున కాల్ పెట్టి, నీ జీతానికి ఇద్దరు కొత్తవాళ్లు వస్తారు, ఏమనుకోకు అన్నారు. సోమవారానికి లాప్‌టాప్ తిరిగి పంపడానికి ఖాళీ అట్టపెట్టె గుమ్మంలో ఉంది, లోపల టేపు కూడా వాళ్లే పెట్టారు. హెచ్‌వన్ మీద ఉన్నవాడికి అరవై రోజులు గడువు, పిల్ల స్కూలు మధ్యలో ఉంది. కాబట్టి వాల్యూ అని నాకు చెప్పకండి. ఆ పదం పలికేవాడు ఎప్పుడూ ఆ పెట్టె అందుకున్నవాడు కాదు.

ఫ్రిస్కో శీను
మీకు జరిగింది అన్యాయమే, దానికి నేను బాధపడుతున్నా. కానీ మీ కంపెనీ కోపం తెచ్చి నా మీద పోస్తే ఎలా? నాదీ వినండి. ఇక్కడే ఇర్వింగ్ దగ్గర ఒక హోటల్లో వాటా పెట్టాను. బిర్యానీ మాస్టర్ పేరు చెప్పుకుని జనం వచ్చేవాళ్లు, ఆయన అడిగిందల్లా ఇచ్చాం. ఆయనకి పెంచిన కొద్దీ మిగతావాళ్లకి పెంచడానికి లేకపోయింది. తందూర్ దగ్గర అబ్బాయి మానేశాడు, గిన్నెలు తోమే ఆయన మానేశాడు, కౌంటర్‌లో అమ్మాయి మానేసింది. మాస్టర్ బిర్యానీ చివరి రోజు దాకా అద్భుతంగానే ఉంది, వడ్డించేవాడే లేడు. మూసేశాం. మైకా ఆడిన నాలుగు సీజన్లలో మనం ఎన్నిసార్లు ఎన్ఎఫ్‌సీ ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి ముందు మెట్టుకి, వెళ్లాం? ఒక్కసారీ లేదు. అది అతని తప్పని అనట్లేదు. అతని పక్కన నిలబడేవాళ్లు లేరు అంటున్నా.

మైకా_11
పక్కన నిలబడేవాళ్లు లేకపోవడానికి కారణం మైకా జీతమా? అప్పుడు అతను రూకీ (కొత్త ఆటగాడి) కాంట్రాక్ట్ మీద ఉన్నాడయ్యా! లీగ్‌లోనే చవకైన స్టార్. ఆ నాలుగేళ్ల మిగులు ఏం చేశారు? 2023లో 26వ పిక్‌తో మేజీ స్మిత్‌ని తెచ్చారు, అతన్నీ జెట్స్‌కి ఇచ్చేశారు. తీసుకోవడం చేతకాకపోతే నాలుగు పిక్స్ తెచ్చుకుంటే నాలుగు తప్పులు చేస్తారు, అంతే.

మాడరేటర్
ఇద్దరూ కొంచెం తగ్గండి. ఉద్యోగాల సంగతి ఇక ఇక్కడ వద్దు.

సుధ ప్లేనో
మొదటినుంచీ చదువుతున్నా. శీను గారూ, 11 గారూ, మీరిద్దరూ 12 గురించి కొట్టుకోవట్లేదు. మీ గొడవ డ్రాఫ్ట్ అయిన మూడేళ్ల తర్వాతది. మనం తెచ్చి పెంచినవాడి ఖరీదు పెరిగాక అతన్ని ఏం చేయాలి, అదే కదా మీ ఇద్దరి తగాదా.

2011 ముందు రూకీలకే కోట్లు పోసేవాళ్లు. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీనే 50 మిలియన్లు, రూకీల జీతానికి పరిమితి పెట్టాక 2011లో మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి మొత్తం 22. అంటే ఇప్పుడు డ్రాఫ్ట్‌లో కొనేది ఆటగాడిని ఒక్కడినే కాదు, చవకైన నాలుగేళ్లని. మూడో సీజన్ అయ్యాక కొత్త కాంట్రాక్ట్ ఇవ్వొచ్చు, అసలు పరీక్ష అక్కడే. మైకాకి అది 2024 మొదట్లో వచ్చింది. అప్పటికి ఎడ్జ్‌లో పై ధర నిక్ బోసాది, ఏడాదికి 34. మనవాళ్లు ఆగారు. 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీ 35.5, అదే నెలలో మైల్స్ గారెట్ 40, జులైలో టీజే వాట్ 41. ఆగస్టుకి మైకాది 47. మైకా అత్యాశకి పోలేదు, క్యాప్ మనల్ని తరిమేయలేదు, ఏడాదిన్నర ఆగినందుకు మనం కట్టాల్సిన వడ్డీ అది. డాక్ దగ్గరా ఇదే, 2024 సీజన్ మొదటి మ్యాచ్ రోజు పొద్దున సంతకం. ల్యాంబ్ క్యాంప్ మొత్తం బయట కూర్చున్నాక సంతకం. శీను గారి 141 ఉంది చూశారూ, ముగ్గురికీ సమయానికి ఇచ్చుంటే ఆ అంకె అంత ఉండేదే కాదు.

జెర్సీ ఈగిల్
సుధ గారు చెప్పిందే నేను రెండు ముక్కల్లో చెప్పా, వెళ్లిపోమన్నారు.

ఫ్రిస్కో శీను
సుధ గారూ, ఆ ధరల వరస బాగా పెట్టారు, 2024లోనే 34 దగ్గర తేల్చి ఉంటే నేనూ మైకాని ఉంచమనేవాణ్ణే. కానీ 47 దగ్గరికి వచ్చాక ఇచ్చెయ్యడమే సరైంది. డిసెంబర్‌లో డెన్వర్‌లో అతని మోకాలి లిగమెంట్ ఏసీఎల్ తెగింది, గ్రీన్ బే ఇప్పుడు ఆ కాంట్రాక్ట్ మోయాలి.

మైకా_11
మోకాలు తెగినవాడిని చూపించి గెలిచాననుకోకండి శీను గారూ, అది మాత్రం బాలేదు. తెగేలోపు 12.5 సాక్స్ కొట్టాడు. సెప్టెంబర్‌లో మన స్టేడియంకే వచ్చాడు, 40-40 టై అయిన రోజు నేను పైన నాలుగు వందల సెక్షన్‌లో ఉన్నా. మైకా డాక్ మీదకి వచ్చిన ప్రతిసారీ నా చుట్టూ ఉన్నవాళ్లు అరవాలో వద్దో తెలియక సగంలో ఆగిపోయారు. తెచ్చుకున్నవాడిని నిలుపుకోని టీమ్‌కి రేపొచ్చే కుర్రాడు ఎందుకు ప్రాణం పెడతాడు? మీ లెక్కలో దానికి గడి లేదు.

వాల్తేరు వంశీ
అన్నా, మన గార్డ్ టైలర్ స్మిత్‌కి మాత్రం పోయిన సీజన్ మొదట్లోనే ఇచ్చారు కదా, 4 ఏళ్లకి 96 మిలియన్లు. అంటే నేర్చుకున్నట్టేనా?

సుధ ప్లేనో
క్వార్టర్‌బ్యాక్‌ని కాచే గార్డ్‌కి ఇవ్వడం తేలిక వంశీ. క్వార్టర్‌బ్యాక్‌ని పడేసేవాడికి ఇచ్చినప్పుడు చూద్దాం.

ఫ్రిస్కో శీను
సరే, నా మాట ఇదీ. 20 దగ్గర ఆగి ఎడ్జ్‌ని తీసుకోండి, మైకా పోయిన చోటు అది, కాదనను. 12 మాత్రం ఇచ్చి దిగాల్సిందే, సెకండ్ రౌండ్‌లో పిక్ లేకుండా ఈ డిఫెన్స్‌ని ఎవరూ నిలబెట్టలేరు.

మైకా_11
ఎడ్జ్‌ని 12కే తీసుకోండి, 20తో దిగండి. అందరికంటే మంచివాడు ఉన్నచోట దిగి, రెండోవాడి కోసం ఆగుతారా? ఇంకోటి, ఆ వచ్చినవాడు 2028 సీజన్ దాకా బాగా ఆడితే 2029 మార్చిలో సంతకం అయిపోవాలి. ఆగస్టు దాకా లాగితే మళ్లీ ఈ థ్రెడ్‌నే పైకి తీసుకొస్తా.

ఫ్రిస్కో శీను
మార్చి అంటే మార్చే, దానికి నేనూ మీతోనే. 12 దగ్గర ఆగడానికి మాత్రం ఒప్పుకోను.