సొంతంగా గీసేవాళ్ల వెబ్‌కామిక్స్ చెప్పండి (పుస్తకం వేస్తే సొంతం కాదా?)

బైరాగిపట్టెడ నాన్న: తిరుపతి నుంచి. మా పాపకు పదమూడేళ్లు. నోటుపుస్తకాల వెనక పేజీలన్నీ పిల్లి బొమ్మలే. కంపెనీలు వేసేవి కాకుండా, ఒక్కరే కూర్చుని గీసి నెట్‌లో పెట్టే కామిక్స్ ఉంటే చెప్పండి. ఇంగ్లీషయినా పర్వాలేదు, తను చదువుతుంది. నాకే రాదు.

గీతలగిరి: పిల్లి అన్నారు కాబట్టి ముందు 'పెప్పర్ అండ్ క్యారట్'. పెప్పర్ చిన్న మంత్రగత్తె, క్యారట్ ఆమె పిల్లి. డేవిడ్ రెవోయ్ అనే ఫ్రెంచాయన 2014లో మొదలుపెట్టాడు. క్రిత అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, లేయర్లతో (ఒకదాని మీద ఒకటి వేసిన పొరలతో) సహా అసలు ఫైళ్లు కూడా సైట్లో పెట్టేస్తాడు. పాప ఆ ఫైలు తెరిచి, ఏ గీత మీద ఏ రంగు పడిందో చూసుకోవచ్చు. రెండోది రోహన్ చక్రవర్తి 'గ్రీన్ హ్యూమర్'. పళ్ల డాక్టరు చదువు చదివి అడవి జంతువుల బొమ్మల్లో పడ్డ మనిషి. నాకు ప్రాణం మాత్రం 'ఎక్స్‌కేసీడీ'. 2005 నుంచి రాండల్ మన్రో పుల్లల మనుషులతోనే నడిపిస్తున్నాడు, బొమ్మ మీద మౌస్ ఆపితే ఇంకో జోకు బయటికొస్తుంది. కాకపోతే అక్కడక్కడా ముతక మాటలుంటాయని ఆయనే సైట్లో రాసి పెట్టాడు. రెండేళ్లు ఆగండి.

చిత్తూరు మామిడి: పెప్పర్‌ను 2016లో గ్లెనా అనే ఫ్రాన్సు పబ్లిషరు పుస్తకంగా వేశాడు. మరి సొంతం ఎట్లయింది సామీ? ఆయన అడిగింది కంపెనీ లేనివి.

కొర్లగుంట కుర్రోడు: వెబ్‌టూన్ యాప్ వేసుకోండి అంకుల్. కిందికి జరుపుకుంటూ పోవడమే.

గీతలగిరి: అది కంపెనీదే కదా తమ్ముడూ.

కొర్లగుంట కుర్రోడు: అందులో ఒరిజినల్స్ అని ఉండేవే కంపెనీ డబ్బిచ్చి వేయించేవి. కాన్వాస్ అనే ఇంకో విభాగంలో ఎవరైనా పెట్టొచ్చు, నేనైనా సరే.

కాళహస్తి కలం: అంత దూరం ఎందుకు? మా ఊరి కలంకారీ చూడండి. గుడి తెరల మీద రామాయణమంతా గడులు గడులుగా, తెలుగులో రాతలతో సహా ఉంటుంది. మన కామిక్ అదే.

కొర్లగుంట కుర్రోడు: ఆ గుడ్డ ఫోన్లో స్క్రోల్ అవుతుందా అక్కా 😄

చిత్తూరు మామిడి: గ్లెనా సంగతి ఎవరూ చెప్పరేం?

గీతలగిరి: చెప్తున్నా. రెవోయ్ ఆ బొమ్మల్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేశాడు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వేరే భాషలో రాసుకోవచ్చు, అడగక్కర్లేదు. గీసినవాళ్ల పేరు వేసి, ఏమైనా మార్చి ఉంటే ఆ సంగతి చెప్పాలి. గ్లెనా పైసా ఇవ్వకపోయినా చెల్లేది. అయినా మిగతా పాఠకుల్లాగే తనూ ఆయనకు విరాళం ఇచ్చింది. కథ మీద పెత్తనం ఎవరిదో చూడాలి గానీ, పుస్తకం అట్ట మీద ఎవరి ముద్ర ఉంటే ఏం?

చిత్తూరు మామిడి: అంటే వాళ్లు అమ్ముకుంటున్నారు, ఈయన చూస్తున్నాడు. మాకు నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. ఒక ఏడు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరుతో రెండు రోజులు క్యూలో ఉన్నాం. అడుగు కాయలు నీరు కారుతున్నాయి. చివరికి వాళ్లు చెప్పిందే రేటు. అప్పుడు తెలిసింది, ఊరికే ఇచ్చేవాడి సరుకును ఎవడూ లెక్కచేయడు.

అలిపిరి మెట్టు: మామిడన్నా, ఏ టాపిక్ అయినా నీ తోట దగ్గరికే రావాలా?

చిత్తూరు మామిడి: తోట లేనోళ్లు నవ్వుతారు. పేరు వేస్తే చాలంట! పేరుతో కడుపు నిండుతుందా? ఈ గిరిబాబు ఎప్పుడైనా ఒక బొమ్మ గీసి నాలుగు రూపాయలు తెచ్చాడా?

గీతలగిరి: తేలేదు. తొమ్మిది బొమ్మలు గీశా. బస్టాండు నుంచి లీలామహల్ సర్కిల్ దాకా షేర్ ఆటోలో ఒక గుండు చేయించుకున్న కుటుంబం, వాళ్ల ఒళ్లో లడ్డూ కవర్లు, డ్రైవరు పక్కన వేలాడే కాలేజీ పిల్లోడు. మూల 'గిరి' అని రాసుకున్నా. ఎవడో ఆ మూల కత్తిరించి వాట్సాప్‌లో వదిలాడు. వారం తిరక్కుండా మా మేనత్తే నాకు పంపింది: "ఎవరో గానీ ఎంత బాగా గీశాడ్రా, నువ్వూ ఉన్నావు!" ఆ రోజు అన్నం తినలేదు. డబ్బు కోసం కాదు సార్.

కాళహస్తి కలం: అయ్యో. ఆ గుండు కుటుంబం బొమ్మ మా గ్రూపులోకీ వచ్చింది.

చిత్తూరు మామిడి: నాకూ వచ్చింది. నేనూ నలుగురికి పంపా. అప్పటికే పేరు లేదు, ఒట్టు.

గీతలగిరి: ఎవరు గీశారని అడిగారా?

చిత్తూరు మామిడి: వాట్సాప్‌లో వచ్చిందానికి ఎవరు అడుగుతారబ్బా.

గీతలగిరి: నేను ఇంతసేపూ కొట్లాడుతోంది దాని గురించే. మీరు గ్లెనాను పట్టుకున్నారు.

అలిపిరి మెట్టు: లింకు పెట్టు గిరన్నా, చూస్తాం.

గీతలగిరి: అప్పుడే అన్నీ తీసేశా.

బైరాగిపట్టెడ నాన్న: మీరు చెప్పిన పెప్పర్ మూడో ఎపిసోడ్‌లో ఉంది మా పాప. ఇదంతా నా పక్కన కూర్చుని చదివింది. పొద్దున గీసిన పిల్లికి పొట్ట మధ్యలో తన పేరు రాసింది. మూలన రాయొచ్చు కదమ్మా అంటే, అక్కడైతే కోసేస్తారంట.

చిత్తూరు మామిడి: తెలివైన పిల్ల. గిరీ, నీ తొమ్మిదీ మళ్లీ పెట్టు, ఈసారి పేరుతో నేనే పంపుతా. గ్లెనా సంగతి మాత్రం నేను ఒప్పుకోను.