పికెట్ అంటే ఇక్కడ పోలీసులు కాదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. లీడ్స్‌లో ఎమ్మెస్సీలో ఈమధ్యే చేరాను. లెక్చరర్లు సమ్మె చేస్తున్నారట, రేపు గేట్ల దగ్గర పికెట్ లైన్ ఉంటుందని మెయిల్ వచ్చింది. పికెట్ అంటే పోలీసులే కదా? లోపలికి వెళ్తే వీసాకి ఇబ్బందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, కంగారు పడకు. గొడవలైన ఊళ్లో పోలీసు పికెట్ పెట్టారని మన పేపర్లలో చదివి అలా అనుకుని ఉంటావు. రేపు గేటు పక్కన ప్లకార్డులతో నిలబడేది నీ లెక్చరర్లే. ఫ్రెంచిలో పికే అంటే మొన చెక్కిన గుంజ. అలాంటివి వరసగా పాతితే పికెట్ ఫెన్స్. సైన్యంలో అందరికంటే ముందు కాపలా ఉండే జవాన్లకీ అదే పేరు వచ్చింది. పోలీసు పికెట్ ఆ దారిలోదే. 19వ శతాబ్దంలో సమ్మె కట్టి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ కార్మికులనూ అలాగే పిలిచారు. స్వాతంత్ర్యోద్యమంలో కల్లు దుకాణాల ముందు, విదేశీ బట్టల కొట్ల ముందు మనవాళ్లు చేసిన పికెటింగ్ ఈ కోవలోదే. శాంతియుతంగా చేసుకోవచ్చని 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందంలోనే ఉంది.

ఇక్కడ బ్రిటన్‌లో కార్మిక సంఘాల 1992 చట్టం ప్రకారం వాళ్లు తమ పనిచోటు దగ్గర నిలబడి శాంతంగా నచ్చజెప్పవచ్చు. నిన్ను అడ్డుకునే హక్కు లేదు. ఒక్కో గేటు దగ్గర మామూలుగా ఆరుగురు మించకూడదని ప్రభుత్వ కోడ్ చెబుతుంది. కరపత్రం ఇస్తే తీసుకో, చదువు. వాళ్ల జీతం ఆ రోజుకి పోతుంది, సరదాకి నిలబడరు. సమ్మె వాళ్లది, నీది కాదు కాబట్టి నీ అటెండెన్స్ మామూలుగానే చూస్తారు. క్లాసు రద్దయిందో లేదో టైంటేబుల్‌లో చూసుకో. రద్దు కాకపోతే వెళ్లు, లోపలికి వెళ్లినందుకు వీసాకి ఇబ్బందేమీ రాదు.

ఇంకో జవాబు: పైన జవాబిచ్చిన అక్క చెప్పింది నిజం. కానీ పికెట్ లైన్ దాటి లోపలికి వెళ్లడం ఇక్కడ చాలామందికి మనసుకి తగిలే విషయం. ఆ రోజు లైబ్రరీ పనైతే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చూసుకో. నేను హాస్పిటల్‌లో నర్సుని, నాది స్కిల్డ్ వర్కర్ వీసా, అంటే ఉద్యోగం మీద ఇచ్చే వీసా. మాకు ఏడాదిలో నాలుగు వారాలు దాటి జీతం లేకుండా సెలవులో ఉంటే వీసాకి ముప్పు. చట్టబద్ధమైన సమ్మె రోజులు మాత్రం ఆ లెక్కలోకి రావు. రేపు నీకు ఉద్యోగం వచ్చాక పనికొస్తుందని చెబుతున్నాను.