1912-15 నాటి మన్ పటాలను నేటి పటంపై కూర్చడంలో సమస్య

చార్మినార్ పరిసర వీధుల మార్పుపై ఎం.ఆర్క్ పరిశోధన కోసం, 1908 మూసీ వరదల తరువాత 1912-15లో లియొనార్డ్ మన్ సర్వే చేసిన పటాల స్కాన్‌లు నాలుగింటిని ఒకే బొమ్మగా అతికించి, పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో యూటీఎం (స్థానాలను మీటర్లలో చెప్పే ప్రపంచ నిరూపక వ్యవస్థ) 44 ఉత్తర మండలానికి జియోరిఫరెన్స్ చేస్తున్నాను, అంటే నేటి భూస్థానాలకు సరిపోయేలా కూర్చుతున్నాను. చార్మినార్, మక్కా మసీదు, చార్ కమాన్ల మూలల్లో 12 ఆధార బిందువులు (పాత పటంలోనూ నేటి పటంలోనూ గుర్తించగల చోట్లు) తీసుకున్నాను. పత్తర్‌గట్టి దుకాణాల వరుస ఆ సర్వే తరువాతిది కనుక దానిని వదిలేయక తప్పలేదు. బొమ్మను మొత్తంగా ఒకే తీరున జరిపి, తిప్పి, సాగదీసే మొదటి తరగతి పాలినోమియల్‌తో సగటు దోషం 7 మీటర్లు వస్తోంది, అదీ అతుకుల దగ్గరే ఎక్కువ. బిందువుల మధ్య బొమ్మను వంచి కూర్చే థిన్ ప్లేట్ స్ప్లైన్‌తో దోషం సున్నా అవుతున్నా (ఆ పద్ధతిలో ఎలాగూ అంతే, సంతోషించడానికేమీ లేదు) తిన్నని గోడలు వంకర్లు పోతున్నాయి. బిందువులను 20కి పెంచినా ఫలితం మారలేదు. వీధుల వెడల్పు కొలవాలి కనుక 2 మీటర్లకు మించిన దోషం నాకు పనికిరాదు. అతికించిన బొమ్మను పక్కనపెట్టి, ఒక్కో షీటును విడిగా హెల్మర్ట్ పద్ధతిలో (వంచకుండా జరిపి, తిప్పి, అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో మార్చడం) కూర్చితే ఈ దోషం తగ్గుతుందా?